బాక్టీరియాను భక్షించు వైరస్‌లు – వాటి శక్తిని కొలుచు సెన్సర్లు

మూత్రమునకో, పుండులోని చీమునకో, కఫమునకో ప్రయోగశాలలో కల్చర్ పరీక్ష చేయించిన కుటుంబములకు ఆ కాగితము సుపరిచితమే. పైన బాక్టీరియా పేరు, క్రింద పదునైదో ఇరువదియో యాంటీబయాటిక్ మందుల పేర్లు, ప్రతి మందు ప్రక్కన 'ఎస్' గాని 'ఆర్' గాని ఒక అక్షరము ఉండును. 'ఎస్' యనిన ఆ మందుకు ఆ బాక్టీరియా లొంగునని, 'ఆర్' యనిన లొంగదని అర్థము. ముప్పది సంవత్సరముల క్రిందట నాయొద్దకు రోగులు తెచ్చిన కాగితములలో 'ఆర్'లు ఒకటో రెండో కనబడెడివి. నేడు కొందరి కాగితములలో 'ఎస్' ఎక్కడున్నదో వెదకికొనవలసి వచ్చుచున్నది. మధుమేహముచే పాదమున పుండు మానని పెద్దలు, మూత్రపు గొట్టముతో నెలల తరబడి మంచమున నున్నవారు, మాటిమాటికి ఆసుపత్రిలో చేరి వచ్చువారు ఈ కష్టమునకు ఎక్కువగా గురియగుచున్నారు. యాంటీబయాటిక్‌లకు లొంగని బాక్టీరియా కారణముగానే 2019లో ప్రపంచమున సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించిరని 'లాన్సెట్' వైద్యపత్రిక 2022లో ప్రకటించిన అంచనా.

అన్ని మందుల ప్రక్కను 'ఆర్' ఉన్నప్పుడు వైద్యుడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు వెదకుచున్న సమాధానములలో ఒకటి నూరేండ్ల నాటిది. బాక్టీరియాను చంపు వైరస్‌లను రోగికి మందుగా ఇచ్చుట. ఈ మాట వినగానే ఆశ కలుగును, భయమును కలుగును. అయితే ఈ చికిత్సలో చిక్కంతయు ఒక్కచోట నున్నది. ఏ రోగి దేహములోని బాక్టీరియాను ఏ వైరస్ చంపగలదో, రోగి ప్రాణము నిలిచియుండగానే తెలిసికొనుట యెట్లు? ఆ పనికై నేడు సెన్సర్లు వచ్చినవి. వాటి సంగతి తెలియుటకు ముందుగా ఆ వైరస్‌ల సంగతి కొంత తెలియవలెను.

ఫేజ్ అననేమి?

బాక్టీరియా, వైరస్ రెండును ఒకటేయని చాలామంది తలచుచున్నారు. అది సరికాదు. బాక్టీరియా ఒక సంపూర్ణమైన జీవకణము. ఆహారము తీసికొనును, శ్వాసించును, రెండుగా చీలి పెరుగును. వైరస్‌కు ఇవేవియు లేవు. అది వేరొక కణములో ప్రవేశించి, ఆ కణపు సామగ్రితోనే తన ప్రతులను చేయించుకొనును. మనుష్యుల కణములను ఆశ్రయించు వైరస్‌లు మనకు జలుబు, మశూచికము, కోవిడ్ వంటి వ్యాధులను కలిగించును. బాక్టీరియాను మాత్రమే ఆశ్రయించు వైరస్‌లు వేరుగా కలవు. వాటిని బాక్టీరియోఫేజ్‌లని, క్లుప్తముగా ఫేజ్‌లని అందురు. భక్షించునవి అని ఆ మాటకు భావము. అవి మనుష్యుని కణములలో పెరుగజాలవు. నదులలో, మురుగునీటిలో, మట్టిలో, మన ప్రేగులలో కూడ అవి లెక్కకు మిక్కిలిగా నున్నవి.

ఫేజ్‌కు బాక్టీరియాను పట్టుకొను తోక వంటి భాగము కలదు. తాళమునకు దాని తాళపుచెవియే సరిపడునట్లు, ఈ తోక కొన్ని బాక్టీరియాల పైపొరకు మాత్రమే సరిపడును. అతుక్కొనిన వెంటనే ఫేజ్ తన జన్యుపదార్థమును లోనికి ఎక్కించును. ప్రేగులలో నివసించు ఈ-కోలై అను బాక్టీరియాను టీ4 అను ఫేజ్ పట్టుకొనినచో, సుమారు ఇరువదియైదు నిమిషములలో ఆ కణము పగిలి నూరు, నూటయేబది క్రొత్త ఫేజ్‌లు వెలికి వచ్చును. ఒకటి నూరైనది, నూరు పదివేలైనది, పదివేలు పదిలక్షలైనది. ఇదంతయు మనము వంట ముగించి భోజనమునకు కూర్చొనులోపలనే. సాధారణ మందులకు ఈ గుణము లేదు. బాక్టీరియా ఉన్నంతవరకు ఈ మందు తనంతట తానే వృద్ధియగును.

కాని ప్రతి ఫేజ్‌ను మిత్రునిగా తలచరాదు. కొన్ని ఫేజ్‌లు బాక్టీరియాను వెంటనే చంపక, దాని జన్యువులో ఇమిడిపోయి నిద్రించును. అట్లు ఇమిడియున్నప్పుడు బాక్టీరియాకు క్రొత్త విషమును సంక్రమింపజేయుటయు కలదు. కంఠసర్పి, అనగా డిఫ్తీరియా, కలిగించు విషపు జన్యువు ఫేజ్ తెచ్చినదే. కలరా విషపు జన్యువు కూడ ఒక ఫేజ్ ద్వారా వచ్చినదేయని 1996లో తేలినది. కనుక మందుగా వాడదలచిన ఫేజ్ ఏ జాతికి చెందినదో ముందుగా దాని జన్యువును చదివి తెలిసికొనవలెను.

గంగాజలము, కలరా, పారిస్

ఈ కథ మన దేశముననే మొదలగుట విశేషము. 1896లో ఆగ్రాలో పనిచేయుచుండిన అర్నెస్ట్ హాంకిన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, గంగా యమునా జలములలో కలరా క్రిములు శీఘ్రముగా నశించుచున్నవని పారిస్‌లోని పాశ్చర్ సంస్థవారి పత్రికలో వ్రాసెను. ఆవిరియై పోవు ఏదో ఒక రసాయనము ఇందుకు కారణమని ఆయన తలచెను. అది ఫేజ్‌ల పనియేనా అను విషయమున శాస్త్రచరిత్రకారులు నేటికిని భిన్నాభిప్రాయములతో నున్నారు. కావున 'గంగలో ఫేజ్‌లున్నవి గనుక ఆ నీరు త్రాగినచో రోగములు రావు' అని కొందరు వ్రాయుట నాకు సమ్మతము కాదు. ఫేజ్‌లున్న నీటిలోనే కలరా క్రిమియు, కామెర్లు కలిగించు వైరస్‌లును ఉండవచ్చును. గంగను పూజింపుడు, త్రాగునీటిని కాచుకొనుడు.

మన ప్రాచీన గ్రంథములలో ఈ ఫేజ్‌ల ప్రస్తావన కలదని చెప్పువారును కొందరున్నారు. క్రిములను గూర్చి మన ఆచార్యులు విపులముగానే చెప్పిరి. కాని సూక్ష్మదర్శిని లేని కాలమున, సాధారణ సూక్ష్మదర్శినికి సైతము అందని ఈ వైరస్‌ను వారు వర్ణించిరనుట వారి గౌరవమును పెంచదు.

1915లో లండన్‌లో ఫ్రెడరిక్ ట్వార్ట్, 1917లో పారిస్‌లో ఫెలిక్స్ డెరెల్ ఒకరి సంగతి ఒకరికి తెలియకయే ఈ విషయమును కనుగొనిరి. ఫేజ్ అను పేరు పెట్టినవాడు డెరెల్. జిగట విరేచనముల రోగులకు 1919లో ఫేజ్ చికిత్స చేసినవాడును, 1927లో మన దేశమునకు వచ్చి కలరా రోగులపై ప్రయోగించినవాడును ఆయనయే. 1923లో జార్జియా దేశపు తిబిలిసి నగరమున ఎలియావా అను శాస్త్రజ్ఞుడు ఫేజ్‌ల కొరకు ఒక సంస్థను నెలకొల్పెను. అది నేటికిని పనిచేయుచున్నది.

మరి ఇంత మంచి చికిత్స ఏల మరుగున పడినది? పెన్సిలిన్ వచ్చుట ఒక కారణము. అంతకు మునుపే వేరొక కారణమున దానికి అపఖ్యాతి కలిగినది. 1920, 30లలో ఐరోపా, అమెరికాలలోని కంపెనీలు ఫేజ్ మందును సీసాలలో నింపి, అందరికి ఒక్కటే మందుగా అమ్మినవి. ఆ సీసాలోని ఫేజ్ ఈ రోగిలోని బాక్టీరియాకు సరిపడునా అని పరీక్షించినవారు అరుదు. నిల్వ కొరకు కలిపిన రసాయనములచే కొన్ని సీసాలలో ఫేజ్ అప్పటికే నిర్జీవమై యుండెను. ఒకనికి గుణమిచ్చినది, పదిమందికి ఈయలేదు. 1934లో అమెరికన్ వైద్యసంఘపు సమీక్ష ఈ చికిత్సకు తగిన ఆధారము లేదని తేల్చినది. మందు చెడ్డదై కాదు, పరీక్ష లేకుండ ఇచ్చుటచే చెడినది. మన వైద్యముననైనను వ్యాధి నిర్ణయము కాక మునుపే యోగమును నిర్ణయించుట గురుకులమున దండనకు అర్హమైన తప్పుగా నుండెడిది.

పాలకేంద్రము నేర్పిన పాఠము

ఫేజ్ పనిని సెన్సరుతో కనిపెట్టుట యెట్లో తెలిసికొనుటకు గృహిణులకు సులభమైన ఉదాహరణము పెరుగు. పాలలో తోడు వేసినప్పుడు అందలి బాక్టీరియా పాల చక్కెరను పులుపుగా మార్చును. ఆ పులుపుచే పాలు తోడుకొనును. పులుపును పీహెచ్ అను కొలతతో చెప్పుదురు. పాల పీహెచ్ సుమారు 6.6. చక్కగా తోడుకొనిన పెరుగు పీహెచ్ సుమారు 4.5. పులుపు హెచ్చుకొలది ఈ అంకె తగ్గును.

పెద్ద పాలకేంద్రములలో, జున్ను కర్మాగారములలో ఒకటి రెండు జాతుల బాక్టీరియాను మాత్రమే ఎంచి తోడుగా వేయుదురు. ఒక్కొక్క దినము టన్నుల కొలది పాలు తోడుకొనక అట్లే నిలిచిపోవుచుండెడివి. దీనికి కారణము ఫేజ్ అని 1935లో న్యూజీలాండ్ శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఇప్పుడు పాలతొట్టిలో పీహెచ్ సెన్సరును ముంచి యుంచుదురు. అంకె క్రమముగా దిగుచుండిన తోడు సజీవముగా పనిచేయుచున్నట్లు. కొంత దిగి మధ్యలో నిలిచిపోయినచో, తోడును ఫేజ్ పట్టెనని అనుమానించి వేరొక జాతి తోడును తెత్తురు.

ఇంటిలో పెరుగు తోడుకొనకున్న ఫేజ్ పట్టినదని కంగారు పడనక్కరలేదు. మన ఇంటి తోడులో అనేక జాతుల బాక్టీరియా కలిసి యుండును గనుక ఒక ఫేజ్ అన్నిటిని చంపజాలదు. చలి, మరీ వేడిపాలలో తోడు వేయుట, తోడు పాతబడుట, ఇవియే సాధారణ కారణములు. అయినను పొరుగింటినుండి క్రొత్త తోడు తెచ్చుకొను మన అవ్వల అలవాటును, ఆ కర్మాగారములవారు తోడును మార్చు పద్ధతియు ఒక్కటియే.

ఇందులో గమనింపవలసిన దేమనగా, ఆ సెన్సరు ఫేజ్‌ను చూచుట లేదు. బాక్టీరియాను సైతము చూచుట లేదు. బాక్టీరియా చేయు పనిని మాత్రమే కొలుచుచున్నది. ఆ పని ఆగిన క్షణమును పట్టుకొనుచున్నది. ఆసుపత్రులకై చేయు సెన్సర్లకును మూలసూత్రమిదియే.

పాత పరీక్ష, దాని ఆలస్యము

డెరెల్ కాలమునుండి నేటివరకు వాడుకలోనున్న పరీక్ష యొకటి కలదు. గాజు పళ్ళెములో అగారు పోసి గడ్డకట్టింతురు. ఇది సముద్రపు నాచునుండి తీయు పదార్థము. మిఠాయిలకు వాడు చైనాగ్రాస్ ఇదియే. దానిపై రోగినుండి తీసిన బాక్టీరియాను పరచి, ఫేజ్ ఉన్న ద్రవపు చుక్కను వేసి, దేహపు వేడికి సమానమైన వెచ్చని పెట్టెలో ఉంచుదురు. మరునాటికి పళ్ళెమంతయు బాక్టీరియా తెల్లని పొరగా పెరుగును. ఫేజ్ పనిచేసిన చోట మాత్రము స్వచ్ఛమైన మచ్చ ఏర్పడును. ఆ మచ్చలను లెక్కించి ఫేజ్‌ల సంఖ్యను సైతము చెప్పవచ్చును.

ఈ పరీక్ష చౌక, నమ్మదగినది. లోపము కాలము. రోగినుండి బాక్టీరియాను వేరుచేయుటకు ఒకటి రెండు దినములు, ఆపై పళ్ళెమునకు ఒక రాత్రి. నూరు ఫేజ్‌లను పరీక్షింపవలెనన్న నూరు చుక్కలు, ఎన్నో పళ్ళెములు. రక్తమున విషము వ్యాపించిన రోగికి ఒక్కొక్క గంటయు విలువైనది. వేరొక లోపమును కలదు. పళ్ళెము మరునాటి ప్రాతఃకాలమున తుదిఫలితమునే చూపును. రాత్రి ఏ గంటకు బాక్టీరియా చచ్చినది, తిరిగి ఏ గంటకు తల యెత్తినది అను సంగతి దానికి తెలియదు.

నాడీ పరీక్షను మాకు నేర్పిన గురువుగారు ఒక్కసారి నాడి చూచి లేచిన శిష్యుని వెనుకకు పిలిచి కూర్చుండబెట్టెడివారు. ఉదయము ఎట్లున్నది, భోజనమునకు పిమ్మట ఎట్లున్నది, మందు పడిన పిమ్మట ఎట్లు మారినది అని వరుసగా చూడనిదే నాడి అర్థము కాదని వారి ఆజ్ఞ. సెన్సరు చేయునది అదియే. నిద్రపోక, కొన్ని నిమిషములకు ఒకసారి, రాత్రియంతయు చూచుచుండును.

సెన్సరు దేనిని కొలుచును?

సెన్సరనగా ఒక మార్పును గుర్తించి, దానిని విద్యుత్ సంకేతముగా చేసి, అంకెగా చూపు పరికరము. ఇంట జ్వరము చూచు డిజిటల్ థర్మామీటరు కొనయందున్నది సెన్సరే. కోవిడ్ కాలమున ప్రతి ఇంటికి వచ్చిన ఆక్సిమీటరును సెన్సరే. ఫేజ్ పరీక్షకు వాడు సెన్సర్లు అనేక విధములు.

అందు సులభమైనది కాంతిని కొలుచునది. తేటగా నున్న పోషక ద్రవములో బాక్టీరియా పెరిగినకొలది అది బియ్యము కడిగిన నీటివలె తెల్లబారును. దానిగుండా కాంతిని పంపినచో ఆవలి ప్రక్కకు తక్కువగా చేరును. ఫేజ్ బాక్టీరియాను పగులగొట్టినచో ద్రవము తిరిగి తేటపడును. అరచేయి యంత ప్లాస్టిక్ పలకలో వరుసకు పండ్రెండు చొప్పున ఎనిమిది వరుసలుగా 96 చిన్న గుంటలుండును. ఒక్కొక్క గుంటలో రోగి బాక్టీరియాతో పాటు ఒక్కొక్క ఫేజ్‌ను వేసి యంత్రములో ఉంచినచో, అన్నిటి కలకను ఒకేసారి కొలుచుచు గీతలను గీయును.

ఆ గీతలను చదువుటలోనే విద్య యున్నది. గీత ఎగబ్రాకుచునే యున్నచో ఆ ఫేజ్ నిష్ప్రయోజనము. కొంత ఎగబ్రాకి, గంట రెండుగంటలలో నిట్టనిలువున పడిపోయి, తెల్లవారువరకు అట్లే నేలబారున నున్నచో అది యోగ్యమైన ఫేజ్. పడిపోయి, ఏ ఎనిమిదవ గంటకో తిరిగి లేచినచో జాగ్రత్త పడవలెను. కోట్ల బాక్టీరియాలలో తన పైపొరను మార్చుకొనిన ఏ కొన్నియో బ్రతికి, తిరిగి వంశమును నిలిపినవని దాని అర్థము. అట్టి ఫేజ్‌ను ఒంటరిగా వాడరాదు. వేరొక తోక గల ఫేజ్‌ను గాని, ఒక యాంటీబయాటిక్‌ను గాని జతచేసి, తిరిగి గీతను చూడవలెను. ఒంటరిగా పనిచేయని యాంటీబయాటిక్ సైతము కొన్ని వేళల ఫేజ్ తోడుండగా పనిచేయును. ఏలయనగా ఫేజ్‌ను తప్పించుకొనుటకై తన కవచమును విడిచిన బాక్టీరియా మందుకు ఎరయగుచున్నది.

రెండవది శ్వాసను కొలుచునది. టెట్రాజోలియం అను రంగులేని పదార్థము, సజీవ బాక్టీరియా శ్వాసక్రియచే ఊదా రంగుగా మారును. కెమెరా ఆ రంగును నిర్ణీత వ్యవధులలో చిత్రించుచుండును. ఫేజ్ చంపిన గుంటలో రంగు రాదు. ద్రవము కలకగా నున్నను ఈ పద్ధతికి ఆటంకము తక్కువ.

మూడవది విద్యుత్తును కొలుచునది. గుంట అడుగున సన్నని బంగారు తీగెలుండును. బాక్టీరియా ఆ తీగెలపై జిగురు పొరగా పెరిగినచో వాటి నడుమ విద్యుత్తు నడచు తీరు మారును. ఫేజ్ ఆ పొరను కరిగించినచో అది తిరిగి మొదటికి వచ్చును. కృత్రిమ కీలు, గుండె కవాటము, మూత్రపు గొట్టము వంటివాటిపై బాక్టీరియా ఇట్టి జిగురు పొరగానే అంటిపట్టుకొని యుండును. ద్రవములో తేలు బాక్టీరియాను చంపు ఫేజ్ ఆ పొరను ఛేదింపగలదని చెప్పలేము గనుక ఈ పరీక్షకు ప్రత్యేక ప్రయోజనము కలదు.

నాలుగవది వేడిని కొలుచునది. జీవించు ప్రతి కణమును అణుమాత్రమైన వేడిని వెలువరించును. కోట్ల బాక్టీరియా కలిసి వెలువరించు ఆ వేడిని వాటులో పదిలక్షలవ వంతు వరకు కొలువగల పరికరములున్నవి. బెర్లిన్ నగరపు పరిశోధకులు కృత్రిమ కీళ్ళకు పట్టు బాక్టీరియాపై ఫేజ్‌లను ఈ పద్ధతితో పరీక్షించిరి. ఊష్మను చూచి జీవమును నిర్ణయించుట వైద్యునికి క్రొత్త సంగతి కాదు.

అన్నిటికన్న శీఘ్రమైనది వేరొకటి కలదు. ఫేజ్ తన జన్యువును లోనికి ఎక్కించునపుడు బాక్టీరియా పొరలో క్షణకాలము రంధ్రమేర్పడి, లోపలి పొటాషియం వంటి లవణకణములు కోట్ల సంఖ్యలో వెలికి దూకును. వెంట్రుక మందములో కొన్ని వందలవ వంతు ఎడముగల రెండు లోహపు పలకల నడుమ ఈ లవణపు అలజడిని విద్యుత్ కంపనముగా పట్టుకొనవచ్చునని 2005లో అమెరికాలోని టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయపు పరిశోధకులు చూపిరి. బాక్టీరియా చచ్చువరకు వేచియుండనక్కరలేదు. ఫేజ్ కాటు వేసిన కొన్ని నిమిషములలోనే తెలియును. అయితే కాటు వేసిన ప్రతి ఫేజ్ చంపునని నిశ్చయము లేదు. ఈ పద్ధతి ఇంకను ఆసుపత్రుల నిత్యపరీక్షగా రాలేదు.

ఒక రోగి ప్రాణము

ఈ పరీక్షల విలువ లోకమునకు తెలిసినది టామ్ ప్యాటర్సన్ అను అమెరికన్ ఆచార్యుని వ్యాధివలన. 2015 చివర ఈజిప్టు యాత్రలో ఉండగా ఆయనకు క్లోమగ్రంథి వాచి, దానియందు ఏర్పడిన ద్రవపు తిత్తిలో అసినిటోబాక్టర్ అను బాక్టీరియా చేరినది. కాలిఫోర్నియాలోని శాన్ డియాగో ఆసుపత్రికి తరలించిరి. అన్ని యాంటీబయాటిక్‌లును విఫలమై ఆయన స్పృహ కోల్పోయెను. ఆయన భార్య స్టెఫనీ స్ట్రాత్‌డీ అంటువ్యాధుల శాస్త్రమున ఆచార్యురాలు. ఆమె పాత శాస్త్రపత్రికలు తిరుగవేసి, ఫేజ్‌లు గల పరిశోధకులకు లేఖలు వ్రాసెను. టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయము, అమెరికా నౌకాదళపు ప్రయోగశాల ముందుకు వచ్చినవి.

వారు చేసిన మొదటి పని ప్యాటర్సన్ దేహమునుండి తీసిన బాక్టీరియాపై తమ యొద్దనున్న ఫేజ్‌లను వరుసగా పరీక్షించుట. నౌకాదళపువారు పైన చెప్పిన రంగు పద్ధతిని వాడిరి. సరిపడిన కొన్నిటిని కలిపి, శుద్ధిచేసి, 2016 మార్చిలో మొదట పొట్టలోని గొట్టముల ద్వారాను, పిదప రక్తనాళము ద్వారాను ఇచ్చిరి. కొన్ని దినములకు ఆయనకు స్పృహ వచ్చినది. కాని కథ అక్కడితో ముగియలేదు. కొద్ది దినములలోనే బాక్టీరియా ఆ ఫేజ్‌లకు లొంగకుండ మారినది. తిరిగి పరీక్షించి, మారిన బాక్టీరియాకు తగిన మరియొక ఫేజ్‌ను వెదకి జతచేసిరి. మినోసైక్లిన్ అను యాంటీబయాటిక్‌ను తోడుగా వాడిరి. 2016 ఆగస్టులో ఆయన ఇంటికి చేరెను. పరీక్ష ఒక్కసారితో ముగిసియున్నచో ఆయన మార్చిలోనే మరణించియుండెడివాడని నా అభిప్రాయము.

దీనికి ప్రక్కనే వేరొక ఫలితమును చెప్పవలెను. ఫ్రాన్స్, బెల్జియం దేశములలో కాలిన గాయముల రోగులకు పండ్రెండు ఫేజ్‌ల మిశ్రమమును పూతగా వేసి, సాధారణ వెండి లేపనముతో పోల్చి చూచిన ప్రయోగపు ఫలితములు 2019లో ప్రకటితమైనవి. ఫేజ్ లేపనమే వెనుకబడినది. విచారింపగా నిల్వలో ఫేజ్‌లు నశించి, ఉద్దేశించిన మోతాదులో పదివేలవ వంతు మాత్రమే రోగికి అందినదని తెలిసినది. అంతటి తక్కువ మోతాదుకు కొందరి బాక్టీరియా లొంగలేదనియు తెలిసినది. 1930ల నాటి కథయే తిరిగి జరిగినది.

సెన్సరు చెప్పినదంతయు వేదవాక్యము కాదు. గాజుగుంటలో ఫేజ్‌కు, బాక్టీరియాకు నడుమ అడ్డేమియు లేదు. దేహములో కాలేయము, ప్లీహము ఫేజ్‌లను వడపోసి తొలగించును. రక్తములోని రక్షణశక్తి వాటిని శత్రువులుగా భావించి నాశనము చేయవచ్చును. చీముగడ్డ నడిబొడ్డుకు అవి చేరకపోవచ్చును. నిద్రించు జాతి ఫేజ్‌ను గాని, విషపు జన్యువును గాని గీత చూపజాలదు. గీతలో పనిచేయని ఫేజ్‌ను వాడరాదని చెప్పుటకు సెన్సరు చాలును. పనిచేసినది రోగికి తప్పక గుణమిచ్చునని చెప్పుటకు చాలదు.

మన ఇండ్లలో దీని వినియోగము

మన దేశమున ఫేజ్ మందు ఔషధశాలలో చీటి చూపి కొనదగినది కాదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయపు వైద్యులు మానని వ్రణములపై, రోగి బాక్టీరియాకు సరిపడు ఫేజ్‌లను ఎంచి ప్రయోగించి 2019లో ఫలితములు ప్రకటించిరి. ఇట్టివి ఇంకను పరిశోధన స్థాయిలోనివే. కనుక సర్వరోగములకు ఫేజ్ చుక్కలని ఎవరైన అమ్మజూపినచో, 'మా రోగి బాక్టీరియాపై పరీక్షించితిరా, ఆ గీత చూపుడు' అని అడుగుడు. సమాధానము రానిచో డబ్బు సంచిలోనే ఉంచుకొనుడు.

అయితే పరీక్ష ముందు, మందు తరువాత అను సూత్రము నేటి యాంటీబయాటిక్‌లకును అట్లే వర్తించును. మూత్రమున మంట, జ్వరము కలిగి వైద్యుడు కల్చర్ పరీక్ష వ్రాసినచో, మొదటి మాత్ర వేసికొనక మునుపే మూత్రమును ఇచ్చుట మంచిది. ఇంటిలో మిగిలిన మాత్ర రెండు వేసికొని పోయినచో బాక్టీరియా సగము చచ్చి, పరీక్షలో ఏమియు పెరుగక, వైద్యుడు చీకటిలో మందు వ్రాయవలసి వచ్చును. శుభ్రపరచుకొని, మొదటి ధార విడిచి, నడిమి ధారను ప్రయోగశాలవారిచ్చిన మూతగల సీసాలో పట్టవలెను. రెండు గంటలలోపల చేర్పవలెను. ఆలస్యమగునన్న ఫ్రిజ్‌లో ఉంచవలెను. వెచ్చని చోట విడిచినచో వేరు బాక్టీరియా పెరిగి కాగితముపై లేని రోగము కనబడును. పుండునకైనచో పైపై చీమునుగాక, శుభ్రపరచిన పిమ్మట లోపలినుండి తీయుమని అడుగవచ్చును.

బార్లీ నీరు, పల్లేరుకాయల కషాయము మూత్రపు మంటకు కొంత సౌకర్యము కలిగించును. నేనును ఇచ్చుచుందును. కాని చలితో కూడిన జ్వరము, నడుము ప్రక్క నొప్పి, వాంతి, మాట తడబడుట కనబడినచో కషాయములతో ఒక్క పూటయు గడపరాదు. గర్భిణులు, మధుమేహ రోగులు, మూత్రపు గొట్టము గలవారు ఈ లక్షణములకై వేచియుండక ముందే వైద్యుని చూడవలెను. పాదమున పుండు నల్లబడినను, దుర్వాసన వేసినను అట్లే.

పాత కల్చర్ కాగితములను పారవేయక తేదీల వరుసలో ఒక కవరులో భద్రపరచుడు. అత్తగారి కాగితము ఆరు నెలల క్రిందటిదైనను వైద్యునికి పనికివచ్చును. అప్పుడు 'ఎస్' అయినది ఇప్పుడు 'ఆర్' అయినదా, అదే బాక్టీరియాయా, క్రొత్తదా అని ఆయన రెండు నిమిషములలో చూచి, ఏ మందును విడిచిపెట్టవలెనో నిర్ణయించుకొనును.